గద్దక్క చేతిలో చచ్చిన పెద్ద దోమ

కట్టమైసమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. కొంపకు తానే నిప్పు పెట్టుకుని, దాన్ని ఆర్పడానికి కిరసనాయిలు పోసిన మనిషి కథ ఇది. ఆ మనిషిని నేనే.

మాది కొత్వాల్‌గూడ. ఇంటి మీద విమానాలు తిరుగుతాయి, ఇంట్లో దోమలు తిరుగుతాయి. విమానాలకు కనీసం వేళాపాళా ఉంటుంది. ఆ ఏడు వానాకాలంలో మా ఆవిడ రజితను దోమ కుట్టింది. డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని శంషాబాద్‌లో ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పొద్దున ఉన్నవి సాయంత్రానికి లేవు. డాక్టరు నా మొహం చూడడం మానేసి రిపోర్టుతోనే మాట్లాడుతున్నాడు.

వార్డులోకి పిల్లలను రానివ్వరు. నాలుగేళ్ల మా శ్రావ్య ఇంట్లో మా అక్క దగ్గర ఉండిపోయింది. ఉండి ఊరుకుందా? మెడకు ఎర్ర తువ్వాలు, నెత్తిన చిల్లుల గిన్నె, చేతిలో దోమల బ్యాటు. తనకు తానే పెట్టుకున్న పేరు గద్దక్క. "ఒక్క దోమ చస్తే అమ్మకు ఒక్క చుక్క రక్తం వాపస్ వస్తది" అని సొంతంగా ఒక వైద్యశాస్త్రం కనిపెట్టింది. మంచాల కింద, బీరువా వెనక, పక్కింటి ఖాజా భాయ్ ఆటోలో కూడా టపటపలాడించింది.

ఇక నా ఘనకార్యం. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వచ్చి, పిల్ల చేతిలోంచి ఆ బ్యాటు లాక్కున్నాను.

"ఆటలు బంద్! నువ్వెన్ని చంపినా అమ్మకు ఫరక్ పడదు!"

"మరి నువ్వేం చేస్తున్నవ్ బాపు?"

నేను చేస్తున్నదల్లా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చాయ్ తాగడం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంట్లో ఉన్న ధైర్యమంతా ఆ పిల్ల దగ్గరే ఉంటే నేను దాన్ని ఊరంతా వెతుకుతున్నాను.

శ్రావ్య తువ్వాలు విప్పి మడత పెట్టింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఏం జేసినవ్‌రా తమ్మీ? అక్కడ ఒకామె పడుకున్నది చాలదా? ఇక్కడ ఇంకొకదాన్ని పండవెట్టినవ్!" అంది అక్క.

దిద్దుబాటుకు దిగాను. నల్ల గొంగడి కప్పుకుని, పేపరు చుట్టి ముక్కుకు కట్టుకుని, రెక్కలకని రెండు చాటలు భుజాలకు బిగించాను.

"ఇంట్ల చాటలు గట్ల కట్టుకుంటే లక్ష్మి పోతదిరా!"

"పోనీ అక్కా. రజిత ఉంటే చాలు."

గుయ్యిమంటూ మంచం చుట్టూ తిరిగాను. పిల్ల కదల్లేదు.

"దోమలు చస్తే ఫరక్ పడదన్నవ్ గద."

"చిన్న దోమలతోని పడదు! నేను పెద్ద దోమను. మీ అమ్మను కుట్టింది నేనే!"

లేచింది. తువ్వాలు కట్టుకోలేదు, గిన్నె పెట్టుకోలేదు. తిన్నగా బ్యాటు అందుకుంది.

"మా అమ్మ రక్తం ఏడ దాచినవ్?"

"పొట్టల!"

"కక్కు!"

బ్యాటు అప్పుడే చార్జింగ్ నుంచి తీశారని నాకెవరూ చెప్పలేదు. మెడేమో చెమటతో తడిసి ఉంది. మిమ్మల్ని ఎప్పుడైనా మెరుపు ముద్దు పెట్టుకుందా? నన్ను పెట్టుకుంది. దోమ నిజంగానే ఎగిరింది. చాటలు గుమ్మానికి తట్టుకున్నాయి. గడప దాటి షాబాదు బండల మీద పడ్డాను. మణికట్టు కటుక్కుమంది.

"చచ్చిండు! అత్తమ్మా, అన్నం పెట్టు!" అని లోపల్నుంచి కేక.

పప్పన్నం మారు అడిగి మరీ తిన్నదట. నేను చూడలేదు. అప్పటికే గొంగడితో, ముక్కుతో సహా ఖాజా భాయ్ ఆటోలో ఉన్నాను.

"దోమ కుడితే మనుషులు దవాఖానకు పోతరు భాయ్. దోమనే దవాఖానకు తోల్కపోవుడు ఇదే ఫస్ట్!" అన్నాడతను.

కట్టు కట్టించుకుని రజిత దగ్గరికి వెళ్లాను. సంగతంతా విని ఆమె నవ్వింది. "నా రక్తం తాగుతున్నది నువ్వేనని నాకు పెండ్లయినప్పటి సంది ఎరుకనే" అంది.

అందుకే సకల దేవతల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: లోకాన్ని కాపాడుతున్న ఏ నాలుగేళ్ల మనిషి చేతిలోంచీ ఈ జన్మలో ఆయుధం లాక్కోను.

ఒట్టు వేశాను కనుక ఒకటి ఒప్పుకోవాలి. రజిత నవ్వలేదు. ఆ సాయంత్రం ఆమె నన్ను గుర్తే పట్టలేదు. ఆ నవ్వూ ఆ మాటా ఆమె ఇంటికొచ్చాక ఎన్నాళ్లకో వచ్చినవి. నేనే వాటిని ముందుకు జరిపాను. అవి లేకుండా ఆ సాయంత్రం దాటడం, రాస్తున్నప్పుడు కూడా, నా వల్ల కాలేదు.