మునుగుడు పని

మోకాళ్ళకు కాపడం పెట్టుకోమని మా కోడలు మొన్న వికారాబాద్ బజారు నుంచి రబ్బరు సంచి ఒకటి తెచ్చింది. మూత తిప్పగానే కొత్త రబ్బరు వాసన, లోపల చల్లిన పౌడరు వాసన కలిసి గుప్పుమన్నాయి. కాపడం సంగతి అటుంచి నాకు మా చిన్నాయన పెట్టె గుర్తొచ్చింది, పెట్టె వెంట చిన్నాయన, ఆయన వెంట మా తాత మీద కోపం. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నేనేం మొక్కుకోలేదు కూడా.

తాండూరులో మాది ధాన్యం దుకాణం. చలికాలం వచ్చిందంటే కంది బస్తాల దుమ్ము గుమ్మం దాటి వంటింట్లోకి, అక్కణ్ణుంచి జొన్నరొట్టెల మీదికి వచ్చి కూర్చునేది. వ్యాపారస్తుల ఇల్లు కనక మాటకూ మడి ఉండేది. దీపం ఆరిందనకుండా కొండెక్కిందనడం, బియ్యం అయిపోయాయనకుండా నిండుకున్నాయనడం అందరిళ్ళలో ఉన్నదే. మా ఇంట్లో వాటికి తోడు మునగడం అనే మాట కూడా నిషేధం. సేటు మునిగాడంటే దివాలా తీశాడనే కదా అర్థం. అందుకని నాయనమ్మ దసరాకు గారెలు వేస్తే అవి నూనెలో ‘దిగేవి’, చేదబావిలో బిందె ‘దిగేది’, సద్దుల నాడు పాడి పాడి సాగనంపిన బతుకమ్మ కూడా నీళ్ళలోకి ‘దిగేది’. పిల్లలం నోరు జారితే నెత్తిన మొట్టికాయ ఖాయం.

అలాంటి ఇంట్లో పుట్టి మా నాన్న తమ్ముడు నేర్చిన విద్య మునగడమే. ఊరి బయట నాపరాయి తవ్వి వదిలేసిన గుంతల్లో వాననీళ్ళు నిండితే ఈత నేర్చుకున్నాడు, ఆ ఈతను పట్టుకునే బొంబాయి పోయాడు, సముద్రం అడుగున పడివున్న ఓడల్లోకి దిగి ఇనుము, ఇత్తడి, రాగి కోసి పైకి పంపించే పనిలో కుదిరాడు. ఎవరైనా అడిగితే తాత “ఓడల నౌకరి” అని మాట తప్పించేవాడు.

చిన్నాయన ఏటా దసరాకు వచ్చేవాడు. పెట్టె తెరిస్తే రబ్బరు దుస్తుల వాసన, దాని కింద ఉప్పు వాసన, మా కోసం తెచ్చిన హల్వా వాసన. జమ్మి ఆకు పంచుకోవడం అయ్యాక మమ్మల్ని పెరట్లో సిమెంటు గోళెం చుట్టూ నిలబెట్టి, ఒక్కొక్కరి ముఖం నీళ్ళలో పెట్టించి, ఊపిరి ఎలా బిగబట్టాలో నేర్పేవాడు. నాయనమ్మ మాత్రం “వాని పాడు విద్య పోరగాండ్లకు అంటిస్తున్నడు” అని గొణుక్కుంటూనే తువ్వాలు తెచ్చి మా తలలు తుడిచేది. సముద్రం లోపల ఎట్లా ఉంటుందని ఒకసారి చిన్నాయనను అడిగాను.

“అడుగుకు పోతే ఎరుపు ఉండది బిడ్డా. చెయ్యి తెగితే నెత్తురు నల్లగ కనవడ్తది. నాదేనా అని నాకే అనుమానమొస్తది.”

ఒక ఏడు దసరా కాకముందే వచ్చాడు, మళ్ళీ పోలేదు. ఏదో ఓడలో గాలి గొట్టం ఇరుక్కుంటే తప్పించుకుని ఒక్క ఉదుటున పైకి వచ్చేశాడట. అలా రాకూడదట, ఆగి ఆగి రావాలట. కీళ్ళు పట్టేశాయి, చెవులు ముక్కాలు భాగం పోయాయి. అన్నంతో పాటు దుకాణంలో ఒక మూల కూర్చునే చోటు ఇస్తే చాలు, అంతకుమించి ఆయనేమీ అడగలేదు. తాత సరేనన్నాడు.

ఆ దీపావళికి దుకాణంలో లక్ష్మీపూజ. గడపకు బంతిపూలు, పళ్ళెంలో పేలాలు బతాసలు, ప్రసాదం కోసం వాకిలి దాకా నిలబడిన రైతులు. మోమిన్‌పేట్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన సేటు పరుపు మీద ఒక మూల కూర్చున్న చిన్నాయనను చూసి, ఇన్నేండ్లు ఏడికి పోయినవు చిన్నసేటూ అని పలకరించాడు. చెవులు వినబడనివాళ్ళు ఊరంతటికీ వినబడేటట్టు మాట్లాడతారు.

“మునిగిన, పటేలా, మస్తు మునిగిన. ఇగ నాతోని కాదు.”

లోపలున్నవాళ్ళకు సంగతి తెలుసు. వాకిట్లో ఉన్నవాళ్ళకు వినబడింది ఆ మాటొక్కటే, అదీ సేటు గద్దె మీంచి, లక్ష్మీపూజ నాడు. దీపాలు పెట్టే వేళకు బజారంతా సేటు మునిగిండట అని పాకింది. మా తాత ఎంతమందికి చెప్పుకున్నా లాభం లేకపోయింది, నిప్పు లేనిదే పొగ వస్తుందా అన్నారు. ఆ చలికాలం ధారూరు కంది బండ్లు మా దుకాణం ముందు నుంచే పక్క దుకాణానికి పోయాయి.

ఒక పొద్దున తాత చిన్నాయనను అరుగు మీదికి పిలిచాడు. “నువ్వు ఈడుంటే దుకాణం ఉండది. ఎటన్న పో.”

చిన్నాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఏమన్నవ్ నాయినా?” అన్నాడు.

కన్న కొడుకును వెళ్ళగొట్టే మాట తాత రెండోసారి అనాల్సి వచ్చింది, ఈసారి వీధి వీధంతా వినేంత గట్టిగా. స్తంభానికి ఆనుకుని నిలబడ్డ మా నాన్న దుకాణం తలుపులు తియ్యడానికి పోయాడు.

“ఇప్పుడు ఇనవడ్డది” అన్నాడు చిన్నాయన.

వికారాబాద్‌లో చిన్న గది తీసుకుని, నవాబుపేట దిక్కు ఊళ్ళలో బావుల్లో పడ్డ మోటార్లు తీస్తూ, ఆ పాడైన కీళ్ళతోనే బతికాడు. మా రైలు వికారాబాద్‌లో ఆగినప్పుడల్లా నేను కిటికీలోంచి తల బయటపెట్టి వెతికేదాన్ని, నాన్న లోపలికి లాగేవాడు. కొన్నేళ్ళకు చిన్నాయన పోయాడని కబురొచ్చింది. కబురు తెచ్చినవాణ్ణి తాత అడిగింది ఒక్కటే.

“నీళ్ళల్లనా?”

“కాదు సేటూ, మంచంలనే.”

“అదొక్కటి మంచిగైంది” అన్నాడు తాత. ఎందుకు మంచిదో ఇంట్లో అందరికీ తెలుసు, సేటు కొడుకు మునిగాడని బజారు అనడానికి వీల్లేదు. ఆ క్షణంలో నాకు మా తాత ముఖం చూడబుద్ధి కాలేదు, ఆయన పోయినప్పుడు కూడా మనసారా ఏడవలేకపోయాను.

ఇప్పుడు ఆ దుకాణం చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మాటకు మడి కట్టే నాయనమ్మలు లేరు, మా ఇళ్ళలో పిల్లలకు దీపం కొండెక్కడమంటే ఏమిటో విప్పి చెప్పాలి. పోయినేడు మా తమ్ముడు బండల పాలిష్ వ్యాపారంలో ఉన్నదంతా పోగొట్టుకుని నాకు ఫోన్ చేశాడు. “నిండ మునిగినమక్కా” అని నవ్వాడు. వెనక మరదలు కూడా నవ్వుతూ, చాయ్ చల్లారిపోతోంది రమ్మని పిలిచింది. వాడు చాయ్ తాగడానికి ఇంట్లోకి పోయాడు. వాణ్ణి ఎవరూ పొమ్మనలేదు.