ప్రార్థనలో నా పేరొక్కటే

మొన్న మా తోడికోడలి కోడలికి తోడుగా ఏలూరులో కొత్తగా పెట్టిన సంతానం ఆసుపత్రికి వెళ్ళాను. మొదటిరోజే ఇద్దరికీ పరీక్షలు ఉంటాయమ్మా అని నర్సు చెప్పడం, ఆ పిల్ల మొగుడు మారు మాట్లాడకుండా లేచి పక్క గదిలోకి వెళ్ళి రావడం చూసి, సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదండి. ఇంత చిన్న పనికి మా ఇంట్లో ఏళ్ళకేళ్ళు పట్టింది కదా అని. నా ఈడు ఆడవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది గానీ, ఎవరు ఏ మాట ఏ గుమ్మంలో నిలబడి అన్నారో నాకు నిన్నటిలా గుర్తు. పుట్టిల్లు దెందులూరు, అత్తవారిది ఆకివీడు అవతల కొల్లేరు అంచున ఓ పల్లె. మావారికి చేపల చెరువు మీద పని. మేత వేయడం, కాపలా కాయడం, పట్టుబడి రోజున చేపల్ని లారీకెత్తించడం. పెళ్ళయి రెండేళ్ళు దాటినా కడుపు పండకపోయేసరికి అత్తగారు నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. ఎక్కడికి, ఎవరి దగ్గరికి అని నన్ను అడిగినవారు లేరు. ఆ రోజుల్లో డాక్టరును ఎంచుకునేది చదువు చూసి కాదు, హస్తవాసి చూసి. ఏలూరులో ఒక పెద్ద డాక్టరుగారి మందుతో మా ఆడపడుచుకి నెల తిరక్కుండానే కడుపు నిలిచిందట. ఇక మా అత్తగారికి ఆయన చెయ్యి తప్ప మరో చెయ్యి ఆనేది కాదు. ఎంతదాకా అంటే, షాపులో కొన్న మాత్రల్ని మళ్ళీ వరసలో నిలబడి ఆయనకిచ్చి, ఆయన చేత్తో నా అరచేతిలో పెట్టించేవారు. లేకపోతే పనిచేయవని ఆవిడ నమ్మకం. ఆయనా నవ్వుతూ పెట్టేవారు.

కొల్లేరు మీది రోడ్డంట బస్సులో ఎన్ని సార్లు తిరిగామో. గర్భసంచి కడిగారు, ట్యూబుల్లోకి మందు పంపి ఫోటోలు తీశారు. ఆ నొప్పికి నేను బల్ల అంచు పట్టుకుని అరిస్తే అక్కడి ఆయా ఊరుకోమని కసిరింది. అంతా అయ్యాక డాక్టరుగారు ఎప్పుడూ ఒకటే మాట అనేవారు, అంతా బాగానే ఉందమ్మా, దేవుడి దయ రావాలి అని. నాలో అంతా బాగానే ఉంటే ఈ మందులు నాకెందుకని అడిగే నోరు నాకు లేదు. మీ ఆయన్ని ఒకసారి తీసుకురమ్మనడానికి అంత చదువుకున్న ఆయనకి ఏమడ్డొచ్చిందో ఈనాటికీ తెలియదు.

మా పల్లె చర్చిలో ఆదివారం ప్రార్థన మనవులు చెబుతారు కదా, అత్తగారు ప్రతివారం లేచి నా పేరు చెప్పి గర్భఫలం కోసం ప్రార్థించమనేవారు. అందరి కళ్ళూ నా కడుపు మీదికి వచ్చేవి. అవతల మగవాళ్ళ చాపల మీద కూర్చున్న ఆవిడ కొడుకు పేరు ఒక్కసారైనా వినబడితే ఒట్టు. ఇంటికొచ్చాక మాత్రం, ఇంకో ఏడాది చూసి దెందులూరులో దింపేస్తానని నీళ్ళ తొట్టి దగ్గర నాకు వినబడేలా అనేవారు.

ఆ భయంతోనే పుట్టింటికి వెళ్ళినప్పుడు మా వదినకి చెప్పుకుని ఏడ్చాను. వదిన పురుడు పోసుకున్నది తాడేపల్లిగూడెంలో ఒక డాక్టరమ్మ దగ్గర. మర్నాడే పాసింజరెక్కించి నన్ను అక్కడికి తీసుకుపోయింది. డాక్టరమ్మ నా పాత కాగితాలన్నీ తిరగేసి, "మీ ఆయన్ని ఎవరైనా పరీక్ష చేశారా?" అన్నారు.

"లేదండి."

"ఆయన్ని తీసుకురా. అప్పటిదాకా ఒక్క మాత్ర కూడా మింగకు తల్లీ."

మందు రాయకుండా పంపిన డాక్టరును నేను అదే చూడటం. అయినా ఆ రోజు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే, ఒంట్లో ఏదో బరువు దిగినట్టనిపించింది.

ఇంట్లో మాత్రం పెద్ద రచ్చ. "మందు రాయడం చేతగాక మగాడి మీద పెట్టిందే! ఒట్టి చేతుల్తో పంపిందంటే ఆవిడదేం హస్తవాసే?" అని అత్తగారు. "నాకేం రోగం? మేత బస్తా భుజానేసుకుని గట్టంతా తిరుగుతున్నాను" అని ఈయన.

"నేనూ బిందె చంకనేసుకుని పేటంతా తిరుగుతున్నానండి. మరి నన్నెందుకు తిప్పుతున్నారు ఆసుపత్రుల చుట్టూ?" అన్నాను. నా పెళ్ళయ్యాక నేను ఎదురాడిన మొదటి మాట అదే. ఇక ఏలూరు బస్సెక్కనని కూర్చున్నాను, ఎక్కలేదు కూడా.

ఈయన చెరువు పని సాకు చెప్పి దాటేస్తూ వచ్చారు. ఇంతలో సరస్సుని ఆక్రమించారంటూ ప్రభుత్వంవాళ్ళు కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, మీకూ గుర్తుండే ఉంటుంది. ఊళ్ళకి ఊళ్ళే పని లేక కూర్చున్న ఏడాది అది. చెరువే లేకపోయాక ఆ సాకూ పోయింది. చివరికి వాళ్ళమ్మకి తెలియకుండా నా వెంట తాడేపల్లిగూడెం వచ్చారు. లోపం ఆయనలోనే ఉందని తేలింది. చిన్న ఆపరేషన్‌తో సర్దుకోవచ్చన్నారు డాక్టరమ్మ. బస్తాలెత్తి గజ్జలో నరం పట్టేసిందని తల్లికి చెప్పి చేయించుకున్నారు. దానికి ఆవిడ కొడుకుని మంచం దిగనివ్వకుండా, నాటుకోడి పులుసు కాచి పోశారు. నా గర్భసంచి కడిగించిన మర్నాడు నాచేత వాకిలి ఊడ్పించింది ఈవిడేనండి.

ఏడాది గడవకముందే నెల తప్పాను. పాప పుట్టింది. నెత్తిన పెట్టుకుని మోసినంత పని చేశారు అత్తగారు, కాదనను. పాపని మొదటిసారి చర్చికి తీసుకెళ్ళిన ఆదివారం దేవుడు చేసిన మేలుకి ఆవిడ సాక్ష్యం చెప్పడానికి లేచారు. ఏలూరు డాక్టరుగారి చేతిలో దేవుడు మహత్యం పెట్టాడని, ఆ చేతి మందు ఆలస్యంగానైనా తన కోడలి గర్భాన్ని తెరిచిందని కన్నీళ్ళు పెట్టుకుని చెప్పారు. అందరూ స్తోత్రమన్నారు. తర్వాత పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు.

లేచి నిలబడ్డాను. ముందురోజే ఈయన నా రెండు చేతులూ పట్టుకుని, ఊళ్ళో తలెత్తుకోలేను, ఎవరికీ చెప్పకే అని బతిమాలారు. మగవాళ్ళ చాపల వైపు చూస్తే తల దించుకుని ఉన్నారు. నేను ఏళ్ళ తరబడి అందరి ముందూ మోసిన మాటని ఈ మనిషి ఒక్క పూట మోయలేరా అని గొంతుదాకా వచ్చింది. చేతుల్లో పాప కదిలింది. దేవునికి స్తోత్రం అని మాత్రం అని కూర్చున్నాను.

అత్తగారు పోయి చాలాకాలమైంది. తెలియక అన్నవి గనుక ఆవిడ మాటల మీద కోపం ఎప్పుడో చల్లారింది. తెలిసి ఊరుకున్న మనిషి మీద అంత తేలిగ్గా చల్లారదు. చర్చిలో ఇప్పుడు చాపలు పోయి కుర్చీలు వచ్చాయి, ఆలుమగలు పక్కపక్కనే కూర్చుంటున్నారు. ఈయనా నా పక్కనే కూర్చుంటారు, మోకాలు నొప్పంటే పట్టుకుని లేపుతారు కూడా. సాక్ష్యాల వేళ అయ్యేసరికి మాత్రం ఈవారమైనా లేచి ఆ ఒక్క మాట అంటారేమోనని నేను చూస్తాను. ఆయన పాటల పుస్తకంలో తర్వాతి పాట వెతుక్కుంటూ ఉంటారు.