ఒక ఇంజను, రెండు పెనాలు

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వాటి వెనకే, అనకాపల్లిలో మా కొట్టు ముందు వరసకట్టే ఎడ్లబళ్ళూ మొహం చాటేశాయి. అరవైల నడుమ మాట. మావారి తాతల నాటి నుంచి చెరకు గానుగలు బాగుచేయడమే మా పని. సాయిబుల కొట్టంటే చుట్టుపక్కల ఊళ్ళ రైతులకి దారి చెప్పక్కర్లేదు. కానీ చెరకే లేనప్పుడు గానుగెందుకు, గానుగే తిరగనప్పుడు మేమెందుకు?

ఒక రోజు చూద్దును కదా, మావారు రేకుపెట్టెలో చొక్కాలు సర్దుకుంటున్నారు. విశాఖ ఓడరేవులో కలాసీ పని దొరుకుతుందట. ఈ చెరకు రోజుల్లో కూడా పని రాకపోతే కొట్టుకి తాళమేనన్నారు. నాకు ఏడుపొచ్చింది, అంతకు రెట్టింపు ఒళ్ళుమండింది. తాళంచెవి నా మెళ్ళో కట్టి వెళ్తారా అంటే పెట్టె మూత దించారు.

ఆ వారంలోనే మునగపాక నుంచి ఓ రైతు వచ్చాడు. మావారిని బావా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. ఎకరం చెరకు ఎలాగో బతికిందిగానీ, గడ్డి లేక ఎడ్లు ఎముకలు తేలాయి, గానుగ లాగలేవు అని గోలపెట్టాడు. నూతి మీద ఆయిలింజను ఉందిగానీ నుయ్యే ఎండిపోయిందన్నాడు.

మావారు తలెత్తి, "అయితే ఆ ఇంజనుకి ఇప్పుడేటి పని?" అన్నారు.

అంతే. ఏ కరువు ఎడ్లని పడగొట్టిందో ఆ కరువే ఇంజనుని ఖాళీగా కూర్చోబెట్టింది. మూలపడ్డ రైసుమిల్లు పళ్ళచక్రాలు, ఓ పాత బెల్టు తెచ్చి, గానుగని ఇంజనుకి తగిలించే పనిలో పడ్డారు. ఈ చక్రం పెద్దదెందుకు, అది చిన్నదెందుకు అని నేను ప్రాణం తీసేదాన్ని. ఇంజను పరుగుని గానుగ నడకకి దించాలని ఓపిగ్గానే చెప్పేవారు. తీరా ఆడించే రోజున నేనూ వస్తానంటే మాత్రం, బెల్లం వండే చోట ఆడోళ్ళకి ఏం పనన్నారు. చూడ్డమే పని అని ముందే బండెక్కి కూర్చున్నాను.

ఇంజను డబడబమని అందుకోగానే పొలాల్లోని వాళ్ళంతా గట్ల మీదకొచ్చారు. చెరకు అందించే మనుషులకి ఊపిరాడలేదు. ఎడ్లకి రోజంతా పట్టే రసం పొద్దెక్కేసరికే పీపాల్లోకి దిగింది. అన్నయ్య ముఖం చూడాలి అప్పుడు!

పెనం మీద మొదటి వాయి బెల్లం బంగారంలా దిగింది. రెండోది పరవాలేదు. పొద్దు నెత్తి మీదకొచ్చాక మూడోది పొయ్యెక్కించబోతే పుల్లటి వాసన. అయినా వండారు. అచ్చులో పోస్తే దిమ్మ కట్టదే! హల్వాలా చేతికంటుకుంటోంది. అలాంటి దాన్ని బెల్లం బజారులో ముట్టుకునే వాడుండడు.

అన్నయ్య పిప్పి కుప్ప మీద కూలబడ్డాడు.

"నా ఎడ్లే నయం బావా. ఏడాది కట్టం పులిసిపోయింది."

మావారు చక్రాలన్నీ తడిమి చూశారు, ఎక్కడా తప్పులేదు. బెల్టు విప్పడం మొదలెట్టారు. నా కళ్ళ ముందు రేకుపెట్టె ఆడింది.

నా నోరు ఊరుకుంటుందా? ఎడ్లతో ఆడినప్పుడు రసం ఎప్పుడైనా పులిసిందా అన్నయ్యా అని అడిగాను. ఎన్నడూ లేదన్నాడు. ఒక వాయి దిగేసరికి తర్వాతి వాయికి రసం సరిగ్గా అందేదట. అలా ఎవరు కుదిర్చారని అడిగాను.

"ఎవులు కుదురుత్తారు సెల్లెమ్మా, తాతల్నాటి నుంచి అంతే."

నాకు మా వంటిల్లు గుర్తొచ్చింది. రుబ్బే చేతులు నాలుగైతే అట్లపెనం ఒక్కటి చాలుతుందా? ఇంజను తప్పేం లేదు, పొయ్యే ఒక్కటై, రసం పీపాల్లో ఎండకి నిలవుండి పులిసింది. అదే అన్నాను. మావారి చేతిలో బెల్టు ఆగిపోయింది. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

రెండో పెనం ఎక్కడుందో అందరికీ తెలుసు. గట్టు అవతల రైతు పాకలో చల్లారి ఉంది, అతని ఎడ్లూ పడ్డాయి గనక. కానీ ఎవరి చెరకు వాళ్ళ పొయ్యి మీదే వండుకోవడం అక్కడి ఆనవాయితీ. పైగా కాలవ నీళ్ళ దగ్గర తగవుపడి ఈ ఇద్దరికీ మాటల్లేవు. కొట్టిన చెరకు ఇంకా సగం నేల మీదే ఉంది, ఎండితే అదీ పోతుంది. అన్నయ్య గట్టు వైపోసారి, నేల మీది చెరకు వైపోసారి చూశాడు. వెళ్ళడనే అనుకున్నాను. చివరికి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గట్టు దాటాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు వినబడలేదు. కాసేపటికి అవతలి పాకలో పొగ లేచింది.

ఇక ఇంజనుని కాసేపు ఆడించడం, ఆపడం. రెండు పెనాలకి సరిపడా రసం దిగగానే ఆపి, అందులో సగాన్ని కడవలతో గట్టు దాటించారు. సాయంత్రానికి దిమ్మలు గట్టిగా కట్టాయి. అన్నయ్య వేలితో కొట్టి చూసి, ఓ ముక్క విరిచి ముందు నాకే పెట్టాడు. అవతలి రైతు వచ్చి ఇంజను చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎల్లుండి తన చెరకు అని మావారితో చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక మావారు రేకుపెట్టె తెరిచి, చొక్కాలు మళ్ళీ కొక్కేనికి తగిలించారు. నేను చూడనట్టే పొయ్యి ఊదుకుంటున్నాను.

"ఎల్లుండి నువ్వూ రావాల," అన్నారు. "ఇంజను నేను సూసుకుంటాను, పొయ్యిలు నువ్వు సూడు."