ఫైలు తెరవలేదు, పేరు చూశాను

కరోనా రెండో విడత సద్దుమణిగిన తర్వాతి ఎండాకాలంలో, కర్నూలులోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేను సిస్టమ్స్ మేనేజరుగా ఉండగా, ల్యాబు రిపోర్టులన్నిటినీ హైదరాబాదులో అద్దెకు తీసుకున్న సర్వరుకు మార్చే పని నాకు అప్పగించారు. అప్పటిదాకా ఆ రిపోర్టులు మా కింది అంతస్తులో, జనరేటరు పక్క గదిలో ఉన్న పాత యంత్రంలో ఉండేవి. మే నెలలో ఆ గదిలో ఏసీ ఆగితే యంత్రమూ ఆగేది. డాక్టర్లు ఫోన్ల మీద ఫోన్లు చేసేవారు. ఈ మార్పు ఎప్పుడో జరగాల్సింది.

నాకు పైఅధికారి పరిపాలనాధికారి. ఆయనకు పైన మెడికల్ సూపరింటెండెంటు. నా కింద ఇద్దరు టెక్నీషియన్లు ఉన్నా, రిపోర్టులున్న ఫోల్డరులోకి వెళ్లే అనుమతి నా లాగిన్‌కు మాత్రమే ఉండేది. అందువల్ల ఈ పని నేనే కూర్చుని చేశాను.

దూరాన ఉన్న సర్వరులో ఫైళ్లను సర్దడమంటే నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేయడమని చాలామంది అనుకుంటారు. అలా చేసేవాళ్లూ ఉన్నారు. నేను వాడినది బొమ్మల తెర ఉన్న సాఫ్ట్‌వేరు. తెర రెండు సగాలుగా ఉంటుంది. ఎడమవైపు మన యంత్రంలోని ఫోల్డర్లు, కుడివైపు దూరపు సర్వరులోనివి. ఎడమ నుంచి మౌసుతో పట్టి కుడివైపు వదిలితే ఫైళ్లు బయలుదేరతాయి. కింద ఒక వరుస కనిపిస్తుంది: ఏది వెళ్తోంది, ఏది వెళ్లింది, ఏది మధ్యలో తెగిపోయింది. తెగిపోయినవాటితోనే అసలు తంటా. సగం వెళ్లిన ఫైలు కూడా అవతలివైపు అదే పేరుతో కూర్చుని ఉంటుంది. రెండువైపులా సైజులు పోల్చి, తక్కువున్నదాన్ని మళ్లీ పంపాలి. ఆ పోలిక కోసం పేర్లు ఒక్కొక్కటే చదవాలి.

రిపోర్టులు తెరవకూడదనేది మా నియమం. నా సర్వీసులో ఏ ఒక్క రోగి రిపోర్టూ తెరిచి చూడలేదు. ఆ సంగతి నలుగురిలో చెప్పుకునేవాణ్ణి కూడా. అయితే మా ల్యాబువాళ్లు వెతుక్కోవడానికి వీలుగా ఫైలు పేరులోనే రోగి పేరు, వయసు, ఊరు, పరీక్ష పేరు రాసేవారు. అదేమీ నాకు తప్పుగా తోచలేదు.

ఒక మధ్యాహ్నం తెగిపోయినవాటి వరుసలో ఒక పేరు దగ్గర నా కన్ను ఆగింది. ఇంటిపేరు మొదటి అక్షరంతో సహా మార్తమ్మ, కోడుమూరు. పక్కనే హెచ్ఐవీ వైరల్ లోడ్ అని ఉంది. ఆ పరీక్ష జబ్బు ఉందో లేదో తేల్చడానికి చేసేది కాదు. జబ్బు ఉండి మందులు వాడుతున్నవారికి, మందు ఎలా పనిచేస్తోందో చూడటానికి చేసేది. పేరు చదివితే చాలు, తెరవక్కర్లేదు.

మార్తమ్మ మా అంతస్తులో అటెండరు. కోడుమూరు నుంచి వచ్చి కల్లూరులో ఒక గది అద్దెకు తీసుకుని, ఇంటర్ చదివే కూతురితో ఉండేది. ఆదివారం చర్చికి తప్ప సెలవు అడిగేది కాదు. మాకు టీ తేవడం, కాగితాలు ఒక గది నుంచి మరో గదికి చేర్చడం ఆమె పని. హాజరు యంత్రంలో ఆమె పేరు ఎక్కించింది నేనే కాబట్టి పొరపాటు పడే అవకాశం లేదు.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. టీ గ్లాసుతో ఈ జబ్బు రాదని నాకు బాగా తెలుసు. ఆస్పత్రి వెబ్‌సైటులో ఆ వాక్యం ఎక్కించింది కూడా నేనే. అయినా చెయ్యి గ్లాసు దాకా పోలేదు. చల్లారేదాకా కూర్చుని, బయటికి వెళ్లి వాష్‌బేసిన్‌లో పారబోశాను. చదువు చెప్పిన మాట చెయ్యి వినలేదు.

మరుసటి రోజు నా మీద నాకే అసహ్యం వేసింది. టీ తాగాను. అంతటితో ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ చేసినదానికి ఏదో పరిహారం చేయాలనిపించింది. మెట్లెక్కి వస్తుంటే ఆయాసపడకమ్మా అన్నాను. కాగితాల కట్ట ఆమె చేతిలోంచి తీసుకుని నేనే మోశాను. చివరికి పరిపాలనాధికారి దగ్గరికి వెళ్లి, మార్తమ్మకు ఈ మధ్య నలతగా ఉన్నట్టుంది, కూర్చుని చేసే పని ఏదైనా ఇస్తే బాగుంటుందని సిఫారసు చేశాను. ఏం నలత అని ఆయన అడిగారు. సమాధానం చెప్పడానికి తడబడ్డాను. ఆయన అంతకుమించి ఏమీ అడగలేదు.

ఆ వారంలోనే మార్తమ్మకు మెమో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నట్టు రక్తపరీక్షలతో సహా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దాఖలు చేయాలని, అంతదాకా డ్యూటీకి రానక్కర్లేదని అందులో ఉంది.

ఆమె ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది. తలుపు దగ్గరికి వేసి నిలబడింది. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"సార్, ఒక మాట అడుగుతా. నా రిపోర్టు మీరు సూసినారా?"

తెరవలేదని, ఫైళ్లు పంపేటప్పుడు పేరు కనిపించిందని చెప్పాను. అది నిజమే. చెబుతుంటే మాత్రం అబద్ధంలా వినిపించింది.

"ఆదోనిలో ఇచ్చినా సార్ రక్తం. ఈడ ఎవురికీ తెలీకూడదని బస్సెక్కి ఆడిదాకా పోతి. అది తిరిగి ఈడికే వచ్చిందా?"

ఆదోనిలోని ఆ చిన్న కేంద్రం రక్తం తీసుకుని మా ల్యాబుకే పంపేదని ఆమెకు తెలియదు. నేను తలూపాను.

"ఆ పొద్దు మీరు టీ పారబోస్తాంటే సూస్తి. అప్పుడే అనుకొంటి. పోనీలే, భయపడినారు, మనుషులే కదా అనుకొంటి. మల్లా ఈ జాలి ఎందుకు సార్? నేనేమన్నా అడిగితినా? మందులు మింగుతాండా, పని చేస్తాండా. మా పాపకు గూడా తెలీదు. మీరు నోరు మూసుకోనుంటే సాలు కదా."

గొంతు పెంచలేదు. కళ్లు తుడుచుకోలేదు. నేను అంత చిన్నబోయిన సందర్భం నా ఉద్యోగంలో మరొకటి లేదు.

ముందు పరిపాలనాధికారి దగ్గరికి వెళ్లాను. నా మాటకు ఆధారం లేదని, ఊరికే అలా అనిపించి చెప్పానని అన్నాను. ఆయన ముప్పై ఏళ్లుగా మనుషుల్ని చూస్తున్నవాడు.

"ఏం లేకపోతే సర్టిఫికెట్టు తెచ్చిస్తే పోలా? దానికి నువ్వెందుకప్పా ఇంత ఇదైపోతాండావు?" అన్నారు.

నేను ఎంత వాదిస్తే ఆయన అనుమానం అంత గట్టిపడుతుందని అర్థమై లేచి వచ్చేశాను.

అక్కడి నుంచి సూపరింటెండెంటు గదికి వెళ్లాను. ఆవిడ పెద్ద డాక్టరు, తక్కువ మాట్లాడే మనిషి. ఎవరి పేరూ చెప్పకుండా, ఫైళ్ల పేర్ల వల్ల సిబ్బందిలో ఒకరి జబ్బు సంగతి నాకు తెలిసిందని, నా ప్రవర్తన వల్ల అది మరొకరి అనుమానం దాకా పోయిందని చెప్పాను. మెమో నకలు ఆవిడ బల్ల మీద అప్పటికే ఉంది. దాన్ని ఒకసారి చూసి, నన్ను ఒకసారి చూసి, ఒక్కరినే పిలిచి రక్తపరీక్ష అడగడం చట్టం ఒప్పదని, ఆ మెమో ఆ పూటే రద్దవుతుందని అన్నారు. తర్వాత, మీరు మంచి చేద్దామనే చేశారా అని అడిగారు. అవునన్నాను. "మంచి ఎవరికి?" అన్నారు.

పేర్లు మార్చేదాకా ఒక్క ఫైలు కూడా ఊరు దాటకూడదని ఆదేశమిచ్చారు. అప్పటికే వెళ్లినవాటిని అవతలి సర్వరులో నుంచి తొలగించాను. ల్యాబు నంబరు మాత్రమే పేరుగా ఉండేలా అన్నిటినీ మార్చి, పని మళ్లీ మొదటి నుంచి చేశాను. ఎడమవైపూ కుడివైపూ అంకెలే. సైజులు పోల్చడానికి అంకెలు సరిపోయాయి. మొదటి నుంచీ సరిపోయేవే.

మార్తమ్మ ఉద్యోగం నిలిచింది. తానే అడిగి ఓపీ విభాగానికి మారింది. ఆ తర్వాత లిఫ్టు దగ్గర ఎదురైతే అందరికీ పెట్టినట్టే నమస్కారం పెట్టేది. అందరికీ పెట్టినట్టు పెట్టడమే ఆమె నాకు వేసిన శిక్షో, పెట్టిన క్షమాభిక్షో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. పరిపాలనాధికారి ఏం ఊహించారో, ఎవరితోనైనా అన్నారో కూడా నాకు తెలియదు. ఒకసారి బయటికి పోయిన సంగతిని ఏ సర్వరు నుంచైనా తొలగించవచ్చు గాని మనిషి తలలోంచి తొలగించలేం.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ఫైలు తెరవకపోవడం గోప్యత కాదు. ఫైలును మోసేవాడికి దాని యజమాని ఎవరో తెలియకుండా చేయడం గోప్యత. అది కుదరక ఏదైనా కంటపడితే, ఆ మనిషితో నిన్న ఎలా ఉన్నామో నేడూ అలాగే ఉండాలి. ఒక మెట్టు తక్కువగా ఉన్నా, ఒక మెట్టు ఎక్కువగా ఉన్నా సంగతి బయటపెట్టినట్టే.