సి షిఫ్టు వారంలో వీడియో గేమ్

పోయిన ఆదివారం బీచ్ రోడ్డులో అనిమే అనే జపాను కార్టూన్ల అభిమానులంతా కలుసుకుంటున్నారంటే నేనూ వెళ్లాను. రంగు విగ్గులు పెట్టుకుని అట్టకత్తులు పట్టుకున్న పాతికేళ్ల పిల్లల మధ్య నలభై ఎనిమిదేళ్ల నేను చీర కట్టుకుని నిలబడితే, ఎవరి అమ్మో దారి తప్పి వచ్చిందనుకున్నారు పాపం. నా వాగుడు విన్నాక చుట్టూ చేరారు. "మీ ఫస్టు గేమ్ మ్యూజిక్ ఓసారి పాడండాంటీ, గుర్తుపడతాం" అంది ఒకమ్మాయి. నా మొదటి గేమ్ గుహల్లో తిరిగే ఆట. దాన్ని మూడేళ్లు ఆడాను గానీ దాని సంగీతం ఒక్కసారీ వినలేదు.

కూర్మన్నపాలెం వైపు పెరిగిన నా ఈడువాళ్లకు కారణం చెప్పక్కర్లేదేమో. నాన్న స్టీలు ప్లాంటులో ఇనుము కరిగించే ఫర్నేసు దగ్గర పనిచేసేవారు. సి షిఫ్టు వారం వచ్చిందంటే రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర. ఆ వారం అమ్మ గేటుకి పసుపురంగు తువ్వాలు కట్టేది. అది చూసి చేపలామె కేక వేయకుండా తట్ట దింపి సైగ చేసేది, వీధి పిల్లలు బంతి తీసుకుని పక్క సందులోకి పోయేవారు, మా కుక్కర్ పొయ్యి ఎక్కేది కాదు. పోర్టులో పనిచేసే మేనమామ ఎవరో ఓడవాళ్ల దగ్గర కొని తెచ్చిన వీడియో గేమ్‌ను అన్నయ్యా నేనూ ఆడుకోవచ్చు గానీ, టీవీ సౌండు సున్నాలో ఉండాలి. తెర మీది జపాను అక్షరాలు మాకు ఒక్కటీ రావు కనుక కథంతా మేమే అల్లుకునేవాళ్లం, అదీ గుసగుసలతోనే.

అమ్మ ఊరికే కసిరే మనిషి కాదు. "మీ నాన్న నిద్ర సెడితే అక్కడ కాలు తూల్తాది. అక్కడుండేది నీల్లు కాదు, కరిగిన ఇనుము. మీకేటి తెలుస్తాది?" అని ఒక్కసారే చెప్పింది. ఆ మాట విన్నాక బల్ల మీద గ్లాసు పెట్టాలన్నా కింద గుడ్డ పరిచి పెట్టేదాన్ని. దగ్గొస్తే పెరట్లోకి పరుగెత్తేదాన్ని.

మూగ ఆటలో ఇంకో చిక్కుంది. ఇప్పటి ఆటల్లో, అనిమేల్లో రాక్షసుడు వచ్చేముందు సంగీతం మారుతుంది, గుండె దిటవు చేసుకోవడానికి రెండు క్షణాలు దొరుకుతాయి. మాకు ఆ రెండు క్షణాలూ లేవు. ఇన్నేళ్లుగా ఎన్ని భయానక కథలు చూశానో, చప్పుడు లేకుండా వచ్చేదాన్ని మించిన భయం నాకింకా ఎక్కడా దొరకలేదు.

ఒక వేసవి సెలవుల్లో నాన్న పొద్దున్న ఏడింటికి సి షిఫ్టు నుంచి వచ్చారు. తోటి ఉద్యోగి ఇంట్లో పెళ్లని, అతని బదులు ఆ మధ్యాహ్నమే రెండింటికి మొదలయ్యే షిఫ్టుకీ వెళ్తానని మాటిచ్చారట. నిద్రకు దొరికేది నాలుగైదు గంటలే. తొమ్మిదింటికి నేను గుహ చివరి అరలో అడుగుపెట్టగానే తెర నిండా ఒక ముఖం లేచింది. కెవ్వున అరిచాను.

"ఏటయ్యిందమ్మా?" అంటూ నాన్న ఎర్రటి కళ్లతో బయటికి వచ్చారు. తిట్టినా బాగుండేది. మళ్లీ వెళ్లి పడుకుని, అటూ ఇటూ దొర్లి, ఇక నిద్ర రాక మా వెనకాల కూర్చుని "నాకూ ఓపాలి ఇయ్యండి" అన్నారు. ఆయన ఆడించిన బొమ్మ మూడుసార్లూ నిప్పుల గుంటలోనే పడింది. నాన్నా అన్నయ్యా పొట్ట పట్టుకుని నవ్వారు. నేను స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

ఒంటిగంటకు ఆయన బస్సెక్కింది మొదలు నేను వీధి అరుగు దిగలేదు. ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడటం మాకు రోజూ ఉన్నదే, అయినా ఆ సాయంత్రం అది నా వల్లే ఎర్రబడిందనుకున్నాను. మెయిన్ రోడ్డు మీద అంబులెన్సు కూత వినపడితే చెవులు మూసుకున్నాను. చంపేశాను, నాన్నను నేనే చంపేశాను అని వణికిపోతూ కూర్చున్నాను. రాత్రి డ్యూటీ బస్సు దిగి, ఆకలేస్తోందంటూ ఆయన లోపలికి వచ్చేదాకా నాకు ఊపిరాడలేదు.

ఆ మరుసటి వారం నాన్నతో పాటు ఫర్నేసు దగ్గర పనిచేసే స్నేహితుడు ఇంటికొచ్చి అమ్మతో అన్న మాటలు నా చెవిన పడ్డాయి. "మొన్న డబల్ డ్యూటీ నాడు, 'నిద్ర లేదు బావ, నాకు బయమేస్తంది' అన్నాడు సెల్లెమ్మా. నువ్ దూరంగా కూకో బావ, నాను సూసుకుంతానన్నాను." నాన్నలకు కూడా భయమేస్తుందని నాకు తెలిసింది అప్పుడే. ఆ తర్వాత నేను ఆటలో గానీ బయట గానీ అరవలేదు.

నాన్న రిటైరై, అమ్మ పోయాక, సీతమ్మధారలో నా దగ్గరే ఉండేవారు. రెండేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నారు. నాలుగింటికి టీ పెట్టి వెళ్లి చూస్తే ఇంకా నిద్రలోనే ఉన్నారు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? టీ మీద మూత పెట్టి, ఫ్యాను కొంచెం పెంచి, మునివేళ్ల మీద బయటికి వచ్చి, అరగంట సేపు టీవీ కూడా పెట్టకుండా కూర్చున్నాను. ఆ అరగంట తర్వాత వెళ్లి తట్టితే నాన్న లేవలేదు. నేను నాన్నా అని పెట్టిన కేకకు పై అంతస్తువాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు.

ఇప్పుడు షిఫ్టులు చేసేవాళ్ల ఇళ్లలో ఏసీ గదులున్నాయి, పిల్లల చెవులకు హెడ్‌ఫోన్లున్నాయి, ఒకరి అలికిడి ఒకరికి తెలియదు. మంచిదే, ఏ పిల్లా నాలా వణకక్కర్లేదు. కానీ ఆ అరగంట ముందే లేపి ఉంటే లేచేవారా అని మాత్రం ఎవరినీ అడగలేకపోతున్నాను, అడిగితే ఏం చెబుతారోనని భయం.