మొహం చూడొద్దన్న అక్క

మా హెడ్ సిస్టర్‌కి వార్డులో ఒక మారుపేరుండేది, కర్ఫ్యూ అక్క అని. ఆవిడ వరండా మలుపు తిరిగితే చాలు, కిటికీ దగ్గర చేరి కబుర్లాడుకుంటున్న బాలింతలంతా ఎవరి మంచాల మీదికి వాళ్ళు సర్దుకునేవారు. పసిబిడ్డను చూడటానికి వచ్చి తిష్ట వేసిన మేనత్తలూ పిన్నులూ సంచులు వెతుక్కునేవారు. ఆ పేరు పెట్టింది నేనే. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి కూడా ఒక్క మాట అనలేదు, ఆదివారాలన్నీ వరసగా నాకే డ్యూటీ వేసింది.

అంత గట్టి మనిషి కాబట్టి మొండిదనుకునేవారు చాలామంది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ప్రసవాల వార్డులోకి కొత్త పద్ధతి ఏదొచ్చినా మా అందరికంటే ముందు నేర్చుకున్నది ఆవిడే. కంప్యూటర్ వచ్చిన కొత్తలో మేమంతా దాన్ని కరిచే కుక్కను చూసినట్టు దూరం నుంచి చూస్తుంటే, ఆవిడ కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, నిన్నగాక మొన్న చేరిన పిల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. "మళ్ళీ మొదట్నుంచి చెప్పమ్మాయ్, నాకేం సిగ్గు లేదు" అంది. నొప్పులు పడే మనిషి పక్కన తల్లినో భర్తనో ఉండనివ్వాలన్నప్పుడు పెద్ద డాక్టర్లే గొణిగారు. ఆవిడ కొన్నాళ్ళు గమనించి, "బాగానే ఉందర్రా, వాళ్ళకి ధైర్యం, మనకి పని తక్కువ" అని తేల్చేసింది. ఆవిడ తేల్చాక ఇక వార్డులో చర్చ ఉండేది కాదు. చివరికి గొణిగిన డాక్టర్లు కూడా అది తమ ఆలోచనే అన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టారు.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ నేర్పిన పాఠాన్ని ఎవరూ కదిపేవారు కాదు. బిడ్డ ప్రాణం లేకుండా పుడుతుందని తెలిస్తే గుడ్డ ముందే సిద్ధంగా ఉండాలి. బయటికి రాగానే తలతో సహా చుట్టేసి, తల్లి అటు తిరిగేలోపు పక్క తలుపులోంచి తీసుకుపోవాలి. తండ్రి చేతికిచ్చి, విప్పొద్దని చెప్పాలి. చుట్టే నర్సు కూడా ఆ మొహం వంక చూడకూడదు. నేను చేరిన కొత్తలో ఆవిడ నా చేతులు పట్టుకుని మరీ నేర్పింది. "కళ్ళు నీ చేతుల మీదే ఉండాలి. మొహం చూడొద్దు. చూశావంటే దాన్ని ఇంటికి మోసుకుపోతావు, పొద్దున్నే మళ్ళీ డ్యూటీకి రాలేవు." అది కాఠిన్యంతో చెప్పిన మాట కాదు. మా మీదా, ఆ తల్లుల మీదా జాలితో చెప్పింది. చూడకపోతే మర్చిపోతారని మేమంతా మనస్ఫూర్తిగా నమ్మాం.

ఆవిడ రిటైర్మెంట్ దగ్గరపడుతున్న రోజుల్లో వేరే ఊరి ఆసుపత్రి నుంచి ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. ఒకరోజు డ్యూటీ గదిలో అందరం టీ తాగుతుంటే మెల్లగా ఆ ఊసెత్తింది.

"సిస్టర్, మేం అక్కడ బిడ్డని తల్లికి చూపించేవాళ్ళం. ఎత్తుకుంటానంటే ఇచ్చేవాళ్ళం. వద్దంటే బలవంతం లేదు. అడిగేవాళ్ళం, అంతే."

"చచ్చిపోయిన బిడ్డనా?" అన్నాను నేను. నా నోటికి తాళం ఎప్పుడూ లేదు.

హెడ్ సిస్టర్ కప్పు కింద పెట్టింది. "వద్దు డాక్టరమ్మా. మీరు ఇంకేం చెప్పినా నేర్చుకుంటాను. ఇది మాత్రం వద్దు. ఒకసారి చూసిందంటే ఆ తల్లి జన్మలో మర్చిపోదు."

"చూడనివాళ్ళు మర్చిపోయారా సిస్టర్? మీరెప్పుడైనా ఎవర్నైనా అడిగారా?"

ఆ పిల్ల ఎత్తిపొడవాలని అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. చిన్న డాక్టరమ్మ బయటికి వెళ్ళగానే మేం ఒకరిని మించి ఒకరం ఆమెను ఆడిపోసుకున్నాం. హెడ్ సిస్టర్ మాత్రం మాతో కలవలేదు. కప్పులో టీ అలాగే చల్లారిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక బడి పంతులమ్మ కాన్పుకి వచ్చింది. కడుపులోనే బిడ్డ గుండె ఆగిపోయిందని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. చిన్న డాక్టరమ్మ ఆపరేషన్ థియేటర్లో ఉంది. మధ్యాహ్నం వేళ కాన్పయింది. నేను అలవాటు ప్రకారం బిడ్డను చుట్టేసి తలుపు వైపు నడిచాను.

"ఆగండి. నా బిడ్డని నాకివ్వండి" అంది మంచం మీది నుంచి.

"వద్దమ్మా, నువ్వు చూడలేవు."

"చూడలేనని చెప్పడానికి మీరెవరు? మోసింది నేను కదా."

నేను హెడ్ సిస్టర్ వైపు తిరిగాను. ఏం చెయ్యాలో తెలియక ఆవిడ నిలబడిపోవడం నా సర్వీసులో అదే మొదటిసారి. వెళ్ళమని కళ్ళతో సైగ చేసినా నేను వెళ్ళిపోయేదాన్నే. ఆవిడ నా దగ్గరికి వచ్చి, "ఇటివ్వు" అంది. తనే బయటికి తీసుకుపోతుందనుకున్నాను. బల్ల మీద పడుకోబెట్టి గుడ్డ విప్పింది. మొహం చూసింది. గోరువెచ్చని నీళ్ళు తెమ్మని నాకు చెప్పి, బతికున్న బిడ్డకు ఎలా తుడుస్తుందో అలాగే చెవుల వెనకా, వేళ్ళ సందుల్లో, మెడ మడతల్లో తుడిచింది. తర్వాత ఆ తల్లి చేతుల్లో పెట్టింది.

గుండెలు బాదుకుంటుందని మేం భయపడ్డాం. ఆమె బిడ్డ చెవి పట్టుకుని చూసి, "వాళ్ళ నాన్న చెవులేనండీ, చూడండి, చేటల్లా ఎలా ఉన్నాయో" అని నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. భర్త లోపలికి వచ్చాడు. ఇద్దరూ కలిసి చాలాసేపు ఆ బిడ్డతో మాట్లాడుకున్నారు. చివరికి ఆమే బిడ్డను మా చేతికిచ్చి, "మీ మేలు మర్చిపోను" అంది. నాకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

హెడ్ సిస్టర్ కోసం వెతికితే దుప్పట్ల గదిలో దొరికింది. మడతపెట్టి ఉన్న దుప్పట్లు విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"ఎంతమందికి చేశానే ఈ పని" అంది నన్ను చూసి.

"మనకేం తెలుసక్కా, మంచిదనుకునే చేశాం."

"మా చెల్లికీ నేనే చుట్టాను."

అది నాకు లీలగా తెలుసు. ఆవిడ చెల్లెలి మొదటి కాన్పు మా వార్డులోనే, ఆవిడ డ్యూటీలోనే జరిగింది. మగబిడ్డ, పుట్టేసరికే ప్రాణం లేదు. తర్వాత ఆమెకు కూతురు పుట్టింది, ఆ పిల్లకు పెళ్ళి కూడా అయింది. అక్కచెల్లెళ్ళు మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. "ఒక్కసారి కూడా అడగలేదే. మర్చిపోయిందనుకున్నా" అని దుప్పటిలో మొహం దాచుకుంది.

పెద్దవాళ్ళు మారరని తేలిగ్గా అనేస్తాం. కొత్తది బుర్రకెక్కక కాదు మారనిది. ఇది సరైనదని ఒప్పుకుంటే, జాలితో, ప్రేమతో ఇన్నేళ్ళూ చేసిందంతా తప్పని కూడా ఒప్పుకోవాలి. అంత బరువు ఎత్తుకోవడానికి ఆ వయసులో ఎవరు ముందుకొస్తారు? ఆవిడ స్థానంలో నేనుంటే దుప్పట్లన్నీ మడతపెట్టి, కళ్ళు తుడుచుకుని, మర్నాడు ఏమీ జరగనట్టే తిరిగేదాన్ని.

మర్నాడు పొద్దున ఆవిడ అందర్నీ పిలిచింది. "నేను మీకు తప్పు నేర్పాను. అది నా తప్పే, మీది కాదు. ఇకనుంచి తల్లిని అడగాలి. ఎలా అడగాలో డాక్టరమ్మ చెబుతుంది, నేనూ మీతోపాటు నేర్చుకుంటాను" అని వచ్చి ముందు బెంచీ మీద మా పక్కన కూర్చుంది. చిన్న డాక్టరమ్మ ఒక్కతే చెప్పి ఉంటే తలలూపి, ఏడాదిపాటు నానబెట్టేవాళ్ళం. ఆవిడ చెప్పింది కాబట్టి ఆ సాయంత్రానికే వార్డు మారిపోయింది.

ఆ సాయంత్రమే చెల్లెలి దగ్గరికి తోడు రమ్మని నన్ను తీసుకెళ్ళింది. చెల్లెలిది రెండు వీధుల అవతల చిన్న ఇల్లు. ముందు గదిలోనే కుట్టుమిషన్. బడిపిల్లల చొక్కాలు కుడుతూ ఉంది.

"ఏంటే అక్కా, ఇంకా చీకటి పడకుండానే ఆసుపత్రి వదిలావు? రేపు సూర్యుడు పడమట పొడుస్తాడేమో" అని నవ్వి కుర్చీ జరిపింది.

ఆవిడ కూర్చోలేదు. "నీ మొదటి కాన్పు రోజు బిడ్డని నీకు చూపించాల్సింది. నేను చూపించలేదు. తప్పు చేశానే."

మిషన్ ఆగింది. చెల్లెలు తల వంచుకుని చొక్కాకి గుచ్చిన గుండుసూదులు ఒక్కొక్కటే తీసింది. ఏడుస్తుందో తిడుతుందో అని నేను బిగుసుకుని నిలబడ్డాను. తల ఎత్తేసరికి ఆమె కళ్ళలో ఆశ ఉంది.

"ఎవరి పోలికే అక్కా వాడు? ఎప్పట్నుంచో అడగాలని ఉంది. నువ్వు బాధపడతావని ఊరుకున్నా."

నీ పోలికే అంటే అయిపోయేది. కాదనడానికి ఎవరున్నారు? అబద్ధం చెప్పక్కా అని మనసులోనే ఆవిడను బతిమాలుకున్నాను.

"చూడలేదే" అంది ఆవిడ. "మొహం చూడకుండా చుట్టాలి. నేనే అందరికీ నేర్పిన పద్ధతి అది."

"నువ్వు కూడా చూళ్ళేదా?"

"లేదే."

"మీ మరిదితో గుడ్డ విప్పొద్దన్నావు. ఆయన నీ మాట దాటలేదు, అలాగే పూడ్చి వచ్చాడు. పోయేదాకా అదే తల్చుకునేవాడు." చెల్లెలి గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు నెమ్మదిగా అంది. "నేను చూళ్ళేదు, ఆయన చూళ్ళేదు, నువ్వూ చూళ్ళేదు. అంటే వాణ్ణి ఎవ్వరూ చూళ్ళేదన్నమాట."

మేం వెళ్ళేటప్పుడు చెల్లెలు గుమ్మం దాకా వచ్చింది, మెట్టు దగ్గర జాగ్రత్త అని అక్క చెయ్యి పట్టుకుని దింపింది.

డాక్టరమ్మ నేర్పిన పద్ధతికి హెడ్ సిస్టర్ ఒక్క మాట చేర్చింది. ఇప్పుడు చుట్టుపక్కల ఆసుపత్రుల్లో కూడా అదే నేర్పుతున్నారు, దాన్ని చేర్చింది ఎవరో వాళ్ళకు తెలియదు. కొత్తగా చేరిన నర్సులకు ఆవిడ మొదటిసారి అది చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"తల్లి చూడనంటే బలవంతపెట్టొద్దు. కానీ మీలో ఒకరు మాత్రం ఆ బిడ్డ మొహం బాగా చూడండి. జుట్టెలా ఉంది, గడ్డం ఎలా ఉంది, ఎవరి ముక్కు వచ్చింది, అన్నీ చూసి గుర్తుపెట్టుకోండి. ఎన్నేళ్ళకైనా ఆ తల్లి వచ్చి మిమ్మల్ని అడుగుతుంది. అప్పుడు మీరు..."

ఆవిడ అక్కడే ఆగిపోయింది. మిగతా పాఠం నేను చెప్పాను.