పాస్‌పోర్టు మీద తూర్పు

బురుండీలో, రుమొంగె ఊరి సరస్సు ఒడ్డున చేపలు ఎండబెట్టే కొన్సొలాత్ నోరంటే పడవవాళ్లకు హడల్. బుట్ట అడుగున ఇసుక కలిపి తెచ్చినవాడి నెత్తినే ఆ బుట్ట బోర్లించేది. పద్దెనిమిదేళ్లుగా అదే పని, అదే కోపం.

టాంగన్యీకా సరస్సులో ఏటా మూడు నెలలు వేట ఆపేస్తారు. ఆ మూడు నెలలూ ఎండబెట్టే ఆడవాళ్లు ఏం తినాలని ఒక్కడూ అడగలేదు. అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాల కూటమి చేపల పని చేసే ఆడవాళ్ల కోసం పెట్టే సభలో ఆ మాట మొహం మీదే అడగాలని ఆమె పంతం. ఖండాన్ని ఐదు ప్రాంతాలుగా విడగొట్టి, ప్రాంతానికి ఒక్కరికే చోటు ఇస్తారు. తూర్పు ప్రాంతం కింద దరఖాస్తు పెట్టింది.

బుజుంబురా ఆఫీసులో గుమాస్తా దొనాసియాన్ ఆ కాగితాలు వెనక్కి తోశాడు.

"అమ్మా, మన బురుండీది మధ్య ప్రాంతం. తూర్పు కాదు."

ఆమె పాస్‌పోర్టు తీసి బల్ల మీద కొట్టింది. "మరి దీని అట్ట మీద తూర్పు ఆఫ్రికా అని అచ్చేసింది మా అత్తా?"

"అది చుట్టుపక్కల దేశాల సంఘం లెక్క. ఇది ఖండం మొత్తానిది. దీని లెక్కలో టాంజానియా తూర్పు, రువాండా తూర్పు, మనం మధ్య."

"రువాండా తూర్పు, దాన్ని ఆనుకుని ఉన్న మేం మధ్యా! ఎవడయ్యా గీసింది, మ్యాపు తలకిందులుగా పట్టుకుని? సరే, మధ్యలోనే రాసుకో."

"నిన్నటితో గడువు అయిపోయిందమ్మా. ఆ చోటు కామెరూన్ రొయ్యల వ్యాపారి ఒకావిడకు వెళ్లింది."

"రొయ్యలా! మా ఎండు చేప చూపిస్తే దువ్వెన అనుకుంటుంది ఆవిడ. మరి తూర్పు చోటు?"

"కిగోమా నుంచి మ్వనాయిదికి."

కొన్సొలాత్ పాస్‌పోర్టు లాక్కుని సంచిలో కుక్కుకుంది. ఇదే సరస్సుకు అవతల, టాంజానియా ఒడ్డున చేపలు ఎండబెట్టే మ్వనాయిది, రుమొంగె బేరగాళ్లను గద్దలా తన్నుకుపోయిందని రెండేళ్లుగా ఆమెతో మాటల్లేవు.

బయటికొచ్చి అరుగు మీద కూలబడింది. రొయ్యలావిడ ఈ సరస్సు నీళ్లు చూసి కూడా ఉండదు. దొంగదైనా మ్వనాయిది ఎండబెట్టే మనిషే. పళ్లు కొరుకుతూ ఫోన్ కలిపింది.

"ఏంటక్కా, తిట్టడానికా?" అంది మ్వనాయిది.

"తిట్లు తర్వాత. పెన్ను తీసి రాసుకో. మూడు నెలలు మేం ఏం తినాలి, అదే మొదటి ప్రశ్న. రుమొంగె పేరు చెప్పే అడగాలి."

"చెప్పకపోతే?"

"తిరిగి ఈ నీళ్లకేగా వస్తావు. నువ్వు చేపలు ఎండేసే బల్లలు ఎక్కడుంటాయో నాకు తెలుసు."

అవతల కాగితం చప్పుడైంది. "చెప్పు, రాస్తున్నా."